చాకుకి రెండో వైపు

అంకుల్ పోయారని తెలిసినప్పుడు నేను మార్కమ్‌లో ఆఫీసుకెళ్ళడానికి కారు అద్దం మీది మంచు గీకుతున్నాను. ఫోన్లో ఆంటీ గొంతు మామూలుగానే ఉంది. "మీ అంకుల్ వెళ్ళిపోయారమ్మా. నిద్రలోనే. నువ్వు కంగారుపడి స్పీడుగా రాకు, రోడ్లు జారుతున్నాయి" అన్నారు. భర్త పోయిన గంటకి నా టైర్ల గురించి ఆలోచించారావిడ.

ఆయన నాకు బంధువు కాదు. ఏజాక్స్‌లో వాళ్ళింటి బేస్‌మెంట్లో ఉండి రెండేళ్ళు కాలేజీ చదువుకున్నాను. ఆయన రిటైరైన మెకానికల్ ఇంజనీరు, కాకినాడ వైపు మనిషి. నేను కరీంనగర్ పిల్లని. "ఏంది అంకుల్" అని నేనంటే "ఏంటి అనమ్మా" అని దిద్దేవారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆయనే ఆంటీతో "ఏందోయ్" అనడం మొదలుపెట్టారు.

ఆ రెండేళ్ళలో నేను మూడు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు మారాను, ఒక కోర్సు మధ్యలో వదిలేశాను, గిటార్ కొని అమ్మేశాను. కాలు నిలవని దాన్ని. కుదురుగా కూర్చున్నది ఒక్కచోటే, శనివారం పొద్దున గరాజ్‌లో, అంకుల్ బల్ల ముందు. ఆ బల్ల మీద ఆయన మడత చాకు ఉండేది. చెక్క పిడి, చూపుడు వేలంత బ్లేడు. ఈ దేశం వచ్చిన కొత్తలో కొన్నారట. చేపలు పట్టడానికెళ్ళినా, టెంటు వేసుకోవడానికెళ్ళినా జేబులో అదే.

పదును పెట్టే ముందు సానరాయిని పాత పెరుగు డబ్బాలో నీళ్ళు పోసి నానేసేవారు. రాయిలోంచి చిన్న చిన్న బుడగలు వచ్చేవి.

"తాగనీ. బుడగలు ఆగేదాకా ముట్టుకోకు."

నాకు అది నరకం. రెండు నిమిషాలు కాగానే ఫోను తీసేదాన్ని.

"దాన్ని కూడా డబ్బాలో వెయ్యి తల్లీ, రెండూ ఒకేసారి నానతాయి."

రాయి తాగాక, చాకు అంచుకి నల్ల మార్కర్ పూసేవారు. ఆయన భాషలో అది కాటుక. రాయి మీద రుద్దితే కాటుక అంతా సమానంగా పోవాలి. పైన మిగిలితే చాకు మరీ ఎత్తి పట్టామని, కింద మిగిలితే మరీ పడుకోబెట్టామని అర్థం. ఎత్తు తెలియడానికి మొదట్లో బ్లేడు వీపు కింద రెండు పావు డాలరు బిళ్ళలు పెట్టి చూపించారు. "ఆ ఎత్తు నీ మణికట్టుకి గుర్తుండాలి. బలం పెట్టకు. బలం పెట్టేవాళ్ళకి ఓపిక తక్కువ" అనేవారు. నా వైపు చూడకుండానే అనేవారు.

ఒక వైపు చాలాసేపు రుద్దితే అవతలి వైపు అంచున సన్నటి గరుకు లేస్తుంది. కంటికి కనిపించదు. బొటనవేలితో అడ్డంగా తాకితే తెలుస్తుంది. "అడ్డంగానే. నిలువునా లాగావో, మీ ఆంటీ నన్ను ఇంట్లో ఉండనివ్వదు." ఆ గరుకు తగిలిందంటే ఇక రెండో వైపు తిప్పాలి. అక్కడ ఆయన ఆగిపోయేవారు. చాకు తుడిచి, మడిచి, బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకునేవారు.

"నా వైపు అయింది. రెండో వైపు నీది."

చాకుని ఎప్పుడూ నా చేతికి ఇవ్వలేదు. కత్తి చేతికిస్తే గొడవలొస్తాయని మా నానమ్మ కూడా అనేది. "మీరు ఇంజనీరు కదా, ఇవి నమ్ముతారా?" అని ఏడిపించాను. "నమ్మకం కాదమ్మా, సేఫ్టీ" అన్నారు గంభీరంగా. ఉప్పు డబ్బా విషయంలో కూడా ఆయనకి ఇదే సేఫ్టీ ఉండేది.

ఇక నేను రాయడానికి వెనకాడుతున్న సంగతి. రెండో ఏడు అక్టోబర్‌లో ఫ్రెండ్స్‌తో క్యాంపింగ్‌కి వెళ్తూ ఆ చాకు అడిగి తీసుకెళ్ళాను. తిరిగొచ్చాక శుభ్రంగా ఇవ్వాలని కడిగి, కీలు కొంచెం బిగుతుగా అనిపిస్తే, నా కొబ్బరినూనె సీసాని వేడినీళ్ళలో పెట్టి కరిగించి నాలుగు చుక్కలు పోశాను. వెన్నలా తెరుచుకుంది. గర్వంగా బల్ల మీద పెట్టాను.

జనవరిలో ఆయన గడ్డకట్టిన చెరువు మీద మంచుకి కన్నం చేసి చేపలు పట్టడానికి వెళ్ళారు. చేప పడింది. చాకు తెరుచుకోలేదు. గోళ్ళు పోయేలా లాగినా రాలేదట. ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే, "ఎవరో నా చాకుకి తలంటారు. చలికి కొప్పు ముడేసుకుని కూర్చుంది. నువ్వేమైనా పోశావా అమ్మాయ్?" అన్నారు.

నవ్వుతూనే అడిగారు. అయినా నా నోట్లోంచి, "నేనేం పోయలేదంకుల్" అని వచ్చేసింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

ఆయన ఒక క్షణం నన్ను చూసి "సరేలే" అన్నారు. ఆ శనివారం చాకు విప్పి, సబ్బునీళ్ళతో, పాత టూత్‌బ్రష్‌తో కీలులోని తెల్లటి ముద్దంతా తీశారు. ఆరబెట్టి, కుట్టు మిషను నూనె ఒక్క చుక్క వేశారు. ప్రతి పనీ నాకు చూపిస్తూ చేశారు. నూనె ఎవరు పోశారన్న మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. చదువైంది, మార్కమ్‌లో ఉద్యోగం, వేరే ఇల్లు. అక్కణ్ణుంచి ఏజాక్స్ ఎంత దూరమని, కారులో అరగంట! ఈ చలికాలం మొదట్లో ఆయనే ఫోన్ చేశారు. "చాకు మొదలుపెట్టానమ్మా. నా వైపు అయింది. ఎప్పుడొస్తావు?"

"ఈ వీకెండ్ పక్కా అంకుల్."

మూడు వీకెండ్‌లు గడిచాయి. నాలుగోదానికి ఆయన లేరు.

పదమూడో రోజు అయ్యాక, చుట్టాలందరూ వెళ్ళిపోయిన మధ్యాహ్నం, ఆంటీ గరాజ్‌లోకి రమ్మన్నారు. సొరుగు తీసి, మడిచి ఉన్న చాకుని బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "నువ్వొచ్చాక చేస్తావని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు."

అప్పుడు చెప్పేశాను. కొబ్బరినూనె నేనే పోశానని, అడిగితే లేదన్నానని. చెప్తూ ఏడ్చాను.

ఆంటీ నా వైపు వింతగా చూశారు. "తలంటు సంగతా? ఆయనకి ఆ రోజే తెలుసే పిచ్చిదానా. గరాజంతా కొబ్బరి వాసన. ఈ ఇంట్లో కొబ్బరినూనె రాసుకునే తల నీదొక్కటే."

"మరి నన్ను మళ్ళీ అడగలేదేం?"

"నేనూ అదే అన్నాను. 'ఒకసారి అడగడమే నాది తప్పు. మళ్ళీ అడిగితే పిల్ల ఇంకోసారి అబద్ధం ఆడాలి. ఎందుకు పాపం' అన్నారు." పమిటతో ముక్కు తుడుచుకుని, "టమాటాలున్నాయి. పదును కుదిరితే పచ్చడి చేస్తా. కుదరకపోయినా చేస్తాలే" అంటూ లోపలికి వెళ్ళారు.

చాకు తెరిచాను. కీలు మెత్తగా తిరిగింది. బొటనవేలు అడ్డంగా ఆనించాను. గరుకు ఉంది, ఆ చివర నుంచి ఈ చివర దాకా, ఎక్కడా తెగకుండా. ఆయన ఆపిన చోటే ఉంది.

పెరుగు డబ్బాలో నీళ్ళు పోసి రాయి వేశాను. ఫోను లోపల బ్యాగులో వదిలేసి వచ్చి ఆయన స్టూలు మీద కాదు, నా స్టూలు మీదే కూర్చున్నాను. వంటింట్లోంచి పోపు చిటపట వినిపిస్తోంది. నీళ్ళలో రాయి ఇంకా తాగుతోంది. ఒక బుడగ, కాసేపాగి ఇంకో బుడగ.