జనార్దనరావు గారూ, డర్కన్ గారి క్వాడ్ బండీ

జనార్దనరావు గారికి ఒకటే జబ్బు. ఏ వస్తువైనా పాడైతే, అది ఎందుకు పాడైందో తేలేదాకా కొత్తది కొననివ్వరు. తేలాక కూడా ఊరుకోరు. ఆ కారణం వెనక ఏముందని అడుగుతారు. దానికీ జవాబు చెబితే, దాని వెనక సంగతేమిటంటారు. ఒకసారి మా ఇంట్లో పగిలిన కాఫీ కప్పుతో మొదలుపెట్టి, నాకూ సుధేష్ణకూ పెళ్ళిసంబంధం కుదిర్చిన పెద్దమనిషి దాకా వెళ్ళారు.

కాజిల్‌బార్ అనే ఈ పరాయిదేశపు ఊరి బయట, ఆస్పత్రులకు సన్నటి గొట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆయన పనిచేస్తారు. తేడా వచ్చిన గొట్టాన్ని చేతిలో పట్టుకుని, అది ఎందుకు తేడా వచ్చిందో కనుక్కోవడమే ఆయన ఉద్యోగం. అందరూ సాయంత్రం కాగానే ఉద్యోగాన్ని అక్కడే వదిలేసి వస్తారు. ఈయన ఇంటికి వెంట తెచ్చుకుంటారు.

ఒకనాడు పొద్దున్నే ఆయన భార్య సీతాలక్ష్మి గారి ఉప్మా ఒక పక్కన మాడింది. ఇంకొకరైతే మాడింది తీసేసి మిగతాది తింటారు. ఈయన గిన్నె తిప్పి చూశారు, పొయ్యి తిప్పి చూశారు, నేల మీద గోళీ దొర్లించి చూశారు. గోళీ ఫ్రిజ్ కిందికి పోయింది. అంటే నేల వాలుగా ఉంది. నేల వాలుగా ఉంటే నూనె ఒక పక్కకే చేరుతుంది. తమ ఇంటి ఓనరుకి ఫోన్ చేశారు. ఆ ఓనరు మట్టం కొలిచే పరికరం పట్టుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని కొలిచి, నిజమేనని ఒప్పుకుని వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఆ ఉప్మా ఎవరు తిన్నారో నేను అడగలేదు.

మా పాప పుట్టినరోజున ఒక బెలూన్ పేలి, దాన్ని పట్టుకున్న పిల్లాడు బిక్కమొహం వేశాడు. పిల్లలంతా కేకు చుట్టూ మూగితే జనార్దనరావు గారు మాత్రం బల్లల కింద దూరి బెలూన్ ముక్కలు ఏరారు. కొవ్వొత్తులు ఆరిపోయాక లేచి, కుర్చీకి మేకు పొడుచుకొచ్చిందనీ, బెలూన్ దానికే తగిలిందనీ ప్రకటించారు. పిల్లాడి మొహం వెలిగింది. నాకు సుత్తి పని తగిలింది.

వెనక లైటు వెలగడం లేదని ఒకసారి దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆయన కారు ఆపారు. బల్బు మార్చుకోమని చెప్పి పంపేద్దామనుకున్న గార్డు చేతికి ఈయన టార్చి ఇచ్చి, కాస్త పట్టుకోమన్నారు. సన్నటి వాన పడుతోంది. డిక్కీ తివాచీ ఎత్తి, వైరు నలిగిన చోటు చూపించి, అది నలగడానికి డిక్కీ మూత ఎలా కారణమో వివరించేసరికి ఆ గార్డు, దయచేసి ఇంటికి వెళ్ళిపొమ్మని బతిమాలాడట.

ఇలాంటి మనిషి అవసరం మా ఇంటి ఓనరు ఫ్రాంక్ డర్కన్‌కి పడింది.

మేముండేది ఊరికి దూరంగా, కొండవాలులో. పక్క ఇంట్లోనే డర్కన్ గారుంటారు. ఎనభైకి దగ్గరపడ్డ ఒంటరి మనిషి. కొండ మీద గొర్రెలున్నాయి. తుంటి ఎముక అరిగిపోయి నాలుగడుగులు వేస్తే నొప్పి కాబట్టి, నాలుగు లావు చక్రాల క్వాడ్ బండే ఆయనకు కాళ్ళు. మాట మంచిదే గానీ, ఏం చెప్పినా ‘గ్రాండ్’ అనేవారు, బాగానే ఉందిలే అన్నట్టు. బాయిలర్ కారుతోందంటే గ్రాండ్. గాలికి కంచె పడిపోయిందంటే గ్రాండ్. ఇండియాలో మా మామగారు పోయారని సుధేష్ణ గుమ్మంలో నిలబడి చెప్పినా గ్రాండ్ అన్నారు. ఆ రోజు సుధేష్ణ చాలా బాధపడింది. ఈ దేశంలో ఆ ఒక్క మాటకి వంద అర్థాలని నేనే సర్దిచెప్పాను.

మార్చిలో గొర్రెలు ఈనే రోజులు. సరిగ్గా అప్పుడే క్వాడ్ ఆగిపోయింది. బటన్ నొక్కితే టిక్కుమంటుంది తప్ప ఇంజిన్ తిరగదు. డర్కన్ గారి మేనకోడలు ఓర్లా ఊళ్ళో టీచరు. రోజూ ఆయనకి భోజనం తెస్తుంది. ఈ స్టార్టర్ మోటారు పోయినేడే మార్చారనీ, మళ్ళీ పోయిందంటే ఇక చాలనీ ఆమె అంది. బండి అమ్మేసి, గొర్రెల్ని పక్క రైతుకి ఇచ్చేసి, మామయ్య ఇంట్లో వెచ్చగా కూర్చుంటే మంచిదని ఆమె ఉద్దేశం. ఆమె మాట్లాడుతున్నంతసేపూ ముసలాయన కిటికీలోంచి కొండకేసి చూస్తున్నారు. చూడలేక నేను జనార్దనరావు గారికి ఫోన్ చేశాను.

ఒక చేత్తో పనిముట్ల పెట్టె, ఒక చేత్తో ఫ్లాస్కూ పట్టుకుని వచ్చారు. మోటారే పోయిందని ఓర్లా చెబితే, అది పోయిందని ఎవరన్నారని అడిగారు. ముందు మీటరు పెట్టి బ్యాటరీ చూశారు. నిండుగా ఉంది. వైర్లు కలిసేచోట తుప్పు గీకి, బిగించి, మళ్ళీ నొక్కి చూశారు. టిక్కు. బటన్ నుంచి వచ్చే కరెంటుని మోటారుకి అందించే రిలేని తప్పించి, లావు వైరుతో బ్యాటరీని నేరుగా మోటారుకే తగిలించారు. మోటారు ఒకసారి మూలిగింది. మాడిన వాసన వచ్చింది.

“పోయింది,” అన్నారు, ఎవరో చెప్పిందని కాకుండా తనే తేల్చుకున్న తృప్తితో.

ఇక కొత్తది తెప్పిద్దామని నేనన్నాను. నావైపు జాలిగా చూశారు.

“ఏడాదికే ఎందుకు పోయిందో తెలీకుండా కొత్తది పెడితే, అది కూడా ఏడాదికే పోద్ది ప్రసాదూ.”

బ్యాటరీ వైరు ఊడదీసి, రెండు బోల్టులు విప్పి, మోటారు బయటికి లాగారు. దాని కొసన చిన్న పళ్ళచక్రం ఉంటుంది. బటన్ నొక్కినప్పుడు అది ముందుకొచ్చి ఇంజిన్ చక్రాన్ని పట్టుకుని తిప్పాలి, ఇంజిన్ అందుకోగానే వెనక్కి పోవాలి. ఆ పళ్ళు ఎవరో కొరికేసినట్టున్నాయి. లోపలి పెద్ద చక్రానికి అదృష్టం కొద్దీ గీతలే పడ్డాయి.

అక్కడ మొదలైంది విచారణ. బండి కింద తల పెట్టి, ఆగిపోయే ముందు శబ్దమేమైనా వచ్చిందా అని అడిగారు. ముసలాయన గ్రాండ్ అన్నారు. గరగరమందా, కీచుమందా అని అడిగారు. గ్రాండ్. చివరిసారి ఎక్కడ ఆగింది? గ్రాండ్. ఎవరినైనా ఏడు తరాల వెనక్కి తీసుకెళ్ళగల జనార్దనరావు గారు, ఈ ఒక్క మాట దగ్గర గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోయారు. బండి కింద నుంచి లేచి, చేతులు తుడుచుకుంటూ ముసలాయనకేసి చాలాసేపు చూశారు. ఆ రోజుకి ఇంకేమీ అడగలేదు. నాకు భయం వేసింది, ఒంట్లో బాగాలేదేమోనని.

కొత్త మోటారు వచ్చేదాకా నేనూ ఓర్లా వంతులవారీగా గొర్రెలకి మేత మోశాం. శనివారం జనార్దనరావు గారు వచ్చి, మోటారు కూర్చునే చోటు శుభ్రంగా తుడిచి, బోల్టులు ఒక్కొక్కటే కొంచెం కొంచెంగా బిగించి, వైర్లు కలిపారు. బ్యాటరీ వైరు ఆఖరున పెట్టారు. ముసలాయన ఎక్కి బటన్ నొక్కగానే ఇంజిన్ పలికింది. ఓర్లా లోపల టీ పెడుతోంది. కొండ మీంచి గాలి జోరుగా వీస్తోంది. ముసలాయన టోపీ సర్దుకున్నారు, కాసేపు ఆగారు, తిరుగుతున్న ఇంజిన్ మీద మళ్ళీ బటన్ నొక్కారు.

రేకుని రాతి మీద గీసినట్టు గరగరమంది. మాకు పళ్ళు జివ్వుమన్నాయి. ముసలాయన మొహంలో మార్పు లేదు. ఇంకా నొక్కే ఉంచారు. జనార్దనరావు గారు ఒక్క అంగలో వెళ్ళి స్విచ్ ఆపేశారు.

ఓర్లా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆ చప్పుడేమిటని అడిగింది.

“నేనేనమ్మా. చెయ్యి జారి బటన్ మీద పడింది,” అన్నారు జనార్దనరావు గారు.

పాత మోటారు ఎందుకు పోయిందో తెలిసిందా అని ఆమె అడిగింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఈ ప్రశ్న ఆయన్ని అడిగినవాళ్ళెవరూ అంత తేలిగ్గా బయటపడలేదు.

“పాతబడింది. అంతే,” అన్నారాయన.

నేను విన్నది నిజమేనా అనుకున్నాను. ఓర్లా లోపలికి వెళ్ళాక ఆయన్ని గేటు దాకా సాగనంపుతూ, పోయినేడు వేసిన మోటారు ఈ ఏటికే పాతబడిందా అని అడిగాను.

“ఆయనకి ఇంజిన్ వినపడట్లేదయ్యా. ఇంకా స్టార్ట్ కాలేదనుకుని మళ్ళీ నొక్కుతున్నాడు. మొన్న చూశావుగా, బండి కింద నుంచి అడిగితే అన్నిటికీ గ్రాండే. మొహం ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేట్టు అడిగితే సరైన జవాబు.”

మా మామగారి సంగతి చెప్పిన రోజు గుర్తొచ్చింది. సుధేష్ణ ఆ రోజు తలొంచుకుని, కొంగు అడ్డం పెట్టుకుని చెప్పింది.

“ఆ మాట ఓర్లాకి చెప్పచ్చుగా?” అన్నాను.

“నేను చెబితే ఆ పిల్ల బండి తాళంచెవి పట్టుకుపోద్ది. ఆయనే చెప్పుకుంటే చెవి పరీక్షకి తీసుకెళ్ద్ది. రెండూ ఒకటేనా?”

ఇన్నేళ్ళుగా ఆయన విచారణలు చూసి నవ్వుకున్నాను గానీ, వాటిలో ఏ ఒక్కటైనా మనిషి తప్పు దగ్గర ఆగలేదని ఆ గేటు దగ్గరే తట్టింది. అక్కడ ఆగడం అందరికీ వచ్చు. ఆయన ఇంకొంచెం ముందుకి వెళ్ళేవారు.

మర్నాడు క్వాడ్ హ్యాండిల్ పక్కన చిన్న పచ్చ దీపం బిగించారు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ అది వెలుగుతుంది. ఈ కొండగాలిలో తనకే ఇంజిన్ వినబడటం లేదనీ, ఇలాంటిది లేకపోతే కష్టమనీ ముసలాయన ఎదురుగా నిలబడి చెప్పారు. తర్వాత కొంచెం తటపటాయించి, ఊళ్ళో చెవి పరీక్ష చేయించుకోవాలని ఉందనీ, ఒక్కడే వెళ్ళాలంటే బెరుగ్గా ఉందనీ, కాస్త తోడు వస్తారా అనీ అడిగారు.

డర్కన్ గారు ఆయన్ని ఎగాదిగా చూశారు. తోడెవరికి ఎవరో అర్థమైనట్టే ఉంది. “నీకు అంత భయంగా ఉంటే వస్తాలే,” అన్నారు.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పరీక్ష చేయించుకున్నారు. డర్కన్ గారికి రెండు చెవులకీ మిషన్లు కావాలన్నారు. అవి వచ్చిన రోజు సాయంత్రం ఆయనే ఓర్లాని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మోటార్లు రెండూ ఎలా పోయాయో చెప్పారు. ఆమె ముందు కోప్పడింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత రోజూ ఒకసారి తన ఫోన్ ఎత్తితే చాలని తాళంచెవి ఆయన దగ్గరే ఉంచింది. ఆ ఏడాది గొర్రెలు కొండ మీదే ఈనాయి. డర్కన్ గారు మా ఇంటికొచ్చి, సుధేష్ణ వాళ్ళ నాన్నగారి గురించి మొదటిసారి వివరంగా అడిగి, చివరిదాకా విని వెళ్ళారు.

జనార్దనరావు గారి చెవుల్లో మాత్రం ఏ లోపమూ లేదని తేలింది. పాతికేళ్ళ కుర్రాడికి కూడా ఇంత బాగా వినపడదని రిపోర్టు ఇచ్చారు. ఆ కాగితం ఇంటికి పోస్టులో వచ్చింది. విప్పింది సీతాలక్ష్మి గారు.

మేము వెళ్ళేసరికి ఆవిడ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంచారు. కూరగాయలు తరగమని వంటింట్లోంచి పిలిచినప్పుడల్లా వినపడలేదనే మనిషి చెవులివేనని మాకు చూపించారు. జనార్దనరావు గారు సోఫాలోంచి లేచి, చేతులు కడుక్కుని, బెండకాయలు ముందేసుకుని కూర్చున్నారు. ఆవిడ ఆ రోజు ఇంకా పిలవనే లేదు.