పెద్ద అక్షరాల తెర

మొన్న ఆదివారం మా ఎల్బీనగర్ ఇంట్లో ఆఫీసు పని కోసం ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ తయారుచేసుకుని, అంటే కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్ ఒకటి పెట్టుకుని, దాంట్లో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తుంటే సగంలో తెర నల్లబడిపోయింది. పక్కనున్న మావారు ఆపేసి మళ్ళీ మొదలుపెట్టమన్నారు. నా చెయ్యి కదల్లేదు. ఆ నలుపు చూస్తే నాకు ఇప్పటికీ మా మేనమామే గుర్తొస్తాడు.

మన వయసువాళ్ళకు వేరే చెప్పాలా, అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ మెట్లెక్కినా పైన ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ ఉండేది. మా మేనమామ నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, అలాంటి ఒక సెంటర్‌లో ల్యాబ్ చూసుకుంటూ, డిగ్రీ అయి ఖాళీగా ఉన్న నన్ను కూడా తన చేతికింద పెట్టించాడు. వనస్థలిపురంలో మామ వాళ్ళింట్లోనే ఉండేదాన్ని కనుక ఇద్దరం కలిసే బస్సెక్కేవాళ్ళం. బస్సు బోర్డు చదవడం నా పని.

కోర్సుకొచ్చే పిల్లలు రోజూ ఎక్కించి, చెడగొట్టి, చెరిపేసి నేర్చుకోవాలి కనుక అన్నీ వర్చువల్ మెషీన్లే. ఇన్‌స్టలేషన్ అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే ఒక ఫైలులో రాసిపెట్టడం మామ పద్ధతి. భాష ఏది, పేరేమిటి, తెర ఎంత సైజు, రంగులెన్ని, అన్నీ అందులోనే. పొద్దున్నే అన్నిటినీ మొదలుపెట్టించి, మమ్మల్నందరినీ కిందికి ఇరానీ చాయ్‌కి తోలుకుపోయేవాడు. కాపలా అక్కర్లేని ఇన్‌స్టలేషన్ అంటే అదీ అని ఆయన గర్వం. మేము తిరిగొచ్చేసరికి తెరలన్నీ తయారుగా ఉండేవి. పైకి రాగానే ఆయన మొదటి మాట ఒకటే: "బొమ్మ ఒచ్చిందా బిడ్డా?"

జవాబుల్లో తెర సైజు మాత్రం ఎప్పుడూ చిన్న అంకెలే పెట్టేవాడు. దాంతో తెర మీద పట్టేది తక్కువ, అక్షరాలు ఇంతింత లావు. పెద్ద అంకె ఉత్తుత్తి కంప్యూటర్‌కు పడకపోతే తెర నల్లబడుతుంది, ముందు చిన్నది పెట్టి లోపలికి పోనిచ్చి ఆ తర్వాత పెంచుకోవాలి అని చెప్పేవాడు. అందులో తప్పేమీ లేదు. కానీ తర్వాత కూడా ఆయన పెంచేవాడు కాదు. యజమాని కోస్తా ఆయన, "ఏంటండీ ఈ అక్షరాలు, కొట్టు బోర్డుల్లాగా?" అని వెక్కిరించేవాడు. మేమూ నవ్వేవాళ్ళం.

ఇంతలో యజమాని ఎల్బీనగర్‌లో ఇంకో బ్రాంచి తెరవాలనుకున్నాడు. దానికి మామనే ఇన్‌చార్జి అనుకున్నారు, కాకపోతే అందులో డబ్బు పెట్టబోయేవాళ్ళు వచ్చి ల్యాబ్ చూస్తారు, వాళ్ళ ముందు నెగ్గాలి. అత్త అప్పుడే ఎల్బీనగర్‌లో కిరాయి ఇల్లు చూసి, దేవుడి గూడు ఎటు పెట్టాలో కూడా నిర్ణయించేసింది. వచ్చేవాళ్ళ ముందు తెర నిండుగా కనబడాల్సిందేనని యజమాని పట్టుబట్టాడు. మామ ముందురోజే పెద్ద అంకె రాసిపెట్టాడు.

వాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఇన్‌స్టలేషన్ సగం దాకా చక్కగా నడిచి, ఒక్కసారి తెర నల్లబడింది. యజమాని మొహం మాడిపోయింది. మామ చెప్పగా నేను ఫైలులో పాత చిన్న అంకె వేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఎవరూ చాయ్‌కి పోలేదు. అందరం చూస్తుండగానే చివరికి తెర మీద లావు అక్షరాలతో సహా అంతా వచ్చేసింది. అమ్మయ్య అనుకున్నాను.

మామ ఆ తెరకు జానెడు దూరంలో కూర్చుని దానివంకే చూస్తూ, "ఇంకా నల్లగనే ఉందేందే? మళ్ల కొట్టు రీస్టార్ట్" అన్నాడు.

పిల్లలు పరాచికమనుకుని నవ్వారు. మామ నవ్వలేదు. చేత్తో తడుముతూ బటన్ వెతుక్కుని, ఆ నడుస్తున్న మెషీన్‌ని ఆయనే ఆపేశాడు.

షుగరుతో ఒక కన్ను ఎప్పుడో పోయిందట. రెండో కంట్లో ఆ పొద్దున్నే రక్తం దిగిందట. ఉద్యోగం పోతుందని ఇంట్లో అత్తకు కూడా చెప్పలేదు. దవాఖానాలో మరీ ఆలస్యమైపోయిందన్నారు. బ్రాంచి ఎవరికో ఇచ్చారు, అత్త ఆ కిరాయి ఇంటి మాట మళ్ళీ ఎత్తలేదు. మామ వనస్థలిపురం బాల్కనీలో కుర్చీ వేసుకుని, పోయేదాకా అక్కడే కూర్చున్నాడు. ఎప్పుడు వెళ్ళినా నా అడుగుల చప్పుడు పట్టి, "ఇప్పుడు ఏం సైజు పెడ్తున్నరే?" అని అడిగేవాడు. చెప్తే, "అబ్బో, గంతనా!" అని ఊరుకునేవాడు. ఏడుపొచ్చేది నాకు.

ఇప్పుడు ఆ సెంటర్ ఉన్నచోట చీరల దుకాణం. తెర సైజు ఎవరూ రాసే పనే లేదు, చాలావరకు దానంతట అదే సర్దుకుంటుంది. మొన్న మాత్రం నా బుద్ధి కొద్దీ నేనే రాసుకున్నాను, పెద్ద అంకె. సరే, చిన్నది చేసి మళ్ళీ మొదలుపెట్టాను. వచ్చింది. ఇంతింత లావు అక్షరాలు. తర్వాత పెంచుకోవచ్చు, కానీ పెంచబుద్ధి కాలేదు. ఎన్నాళ్ళకో కళ్ళకు సుఖంగా అనిపించింది. నాకూ షుగరు వచ్చి చాలా కాలమైంది, కంటి డాక్టరు దగ్గరికి పొమ్మని మావారు పోరుతూనే ఉన్నారు, నేనే వాయిదా వేస్తున్నాను.

మావారు తొంగిచూసి, "అంత పెద్ద అక్షరాలెందుకే?" అన్నారు. నేను ల్యాప్‌టాప్‌ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.