పెదవికి తెలిసే తడి

తాగి బండి నడిపి పోస్టుమాన్ కాలు విరగ్గొట్టినవాడి మీద నాకు జాలి లేదు. ఆ మాట మొదటిరోజే పాలిష్ మేస్త్రి మొహం మీద అనేశాను.

"నాకూ లేదక్కా," అన్నాడు అతను.

కోర్టు వరండాలో టైపు మిషను పెట్టుకుని ముప్పై ఒక్కేళ్లుగా అర్జీలు కొడుతున్నాను. నా నోరు మంచిది కాదని అక్కడ అందరికీ తెలుసు. అయినా నా దగ్గరికే వస్తారు. కాగితంలో ఏముందో విడమర్చి చెప్పేది నేనొక్కదాన్నే మరి. మేస్త్రి కూడా అందుకే వచ్చాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, "చదవడం వచ్చక్కా, చదివినా ఏమీ అర్థం కావట్లేదు," అన్నాడు.

ఆరు నెలల జైలుశిక్ష పడింది, కానీ దాన్ని పక్కన పెట్టి ఏడాదిపాటు ప్రొబేషన్ ఇచ్చారు. అంటే ఇంటి దగ్గరే ఉండొచ్చు, షరతులు మాత్రం తప్పకూడదు. మొత్తం పదకొండు. ప్రతి సోమవారం పొద్దున తొమ్మిదింటికి ప్రొబేషన్ ఆఫీసుకు వెళ్లి గొట్టంలో ఊదాలి. సున్నా రావాలి. బండి ముట్టకూడదు. చెప్పకుండా ఊరు దాటకూడదు. మద్యం ఉన్న చోట కూర్చోకూడదు, తాగేవాళ్లతో తిరగకూడదు. ఒక్కొక్కటే వేలు పెట్టి చూపిస్తూ చెప్పాను.

"ఒక్కటి తప్పితే?"

"ఒక్కటి తప్పినా లోపలికే. సగం తప్పినా లోపలికే," అన్నాను. ఆ సగం అన్న మాట కాగితంలో లేదు. భయపెడితే బాగుపడతాడని నేను కలిపాను.

అతనికి యాభై మూడేళ్లు. ప్రొబేషన్ ఆఫీసు వెనక సందులో రేకుల షెడ్డు. పాత బీరువాలు, కుర్చీలు, తలుపులు తెచ్చి ఇస్తే లక్కను స్పిరిట్లో కరిగించి గుడ్డతో రుద్ది రుద్ది మెరుగు తెప్పిస్తాడు. భార్య పోయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. అతనికి మనుషులంటే ముగ్గురే. వడ్రంగి, సోఫాలు కుట్టేవాడు, అద్దాలు బిగించేవాడు. ఇరవై ఏళ్లుగా సాయంత్రం పని ముగిశాక నలుగురూ ఆ షెడ్డులోనే చేరేవాళ్లు. సీసా కూడా చేరేది, అది వేరే చెప్పాలా.

కాగితం చదివించుకున్న సాయంత్రమే వాళ్లను రావద్దన్నాడట. వడ్రంగికి ఒళ్లు మండింది. "పక్కన కూర్చుంటేనే జైలా? మేమేమైనా దొంగలమా?" అని బల్ల తన్ని వెళ్లిపోయాడట. ఆ తర్వాత వడ్రంగి మనిషి బీరువా దింపడానికి వస్తే మేస్త్రి సందు చివరికి పోయి నిలబడేవాడు, అతను వెళ్లాకే షెడ్డుకు వచ్చేవాడు. ఆ సంగతి తెలిసి నేను కేకలేశాను.

"పలకరిస్తే తప్పేముందయ్యా? తాగకుండా ఉన్నప్పుడు మాట్లాడితే కోర్టు ఏమీ అనదు."

"సగం తప్పినా లోపలికే అన్నావు కదక్కా."

నేను మిషనులో కాగితం దూర్చి కొట్టడం మొదలుపెట్టాను.

సోమవారం గొట్టంలో ఊదాక నా దగ్గరికి వచ్చి స్టూలు మీద పది నిమిషాలు కూర్చునేవాడు. "సున్నా అక్కా," అనేవాడు. "సంబరం," అనేదాన్ని. ఎవరైనా అర్జీకి వస్తే లేచి స్టూలు ఇచ్చేసి వెళ్లిపోయేవాడు. ఆరు నెలలు ఇలాగే గడిచాయి. మనిషి చిక్కాడు, చొక్కా మాత్రం శుభ్రంగా ఉండేది. పోస్టుమాన్ కర్ర లేకుండా నడుస్తున్నాడని ఒకరోజు తనే చెప్పి, కళ్లు తుడుచుకున్నాడు.

ఏడో నెలలో ఒక సోమవారం వచ్చి కూర్చున్నాడు గానీ సున్నా అనలేదు.

"ఏమైంది?"

"మిషనులో వచ్చిందక్కా."

"తాగావా?"

"లేదు."

"నా దగ్గర నాటకాలు వద్దు."

"మా ఆవిడ మీద ఒట్టు. తాగలేదు."

నేను నమ్మలేదు. ఉన్నమాట చెప్పాలి కదా, వరండాలో ముప్పై ఒక్కేళ్లు ఒట్లు వింటూ ఉన్నదాన్ని. ప్రొబేషన్ ఆఫీసరమ్మ కూడా నమ్మలేదు. చెడ్డమనిషి కాదు ఆవిడ. చిన్న వయసు, మెడ దాకా ఫైళ్లు. తను స్పిరిట్‌తో పని చేస్తానని, అందులోనూ ఆల్కహాలే ఉంటుందని ఇతను చెప్తే, "ఆరు నెలలుగా రానిది ఇప్పుడే ఎందుకు వచ్చింది?" అని అడిగిందట. మళ్లీ ఊదుతానంటే, ఊదేది ఒక్కసారే అందట. రిపోర్టు కోర్టుకు పోయింది. పది రోజుల్లో విచారణ. తాగాడని తేలితే పాత ఆరు నెలలూ జైల్లో గడపాలి.

"ఆదివారం నీతో ఎవరున్నారు? వాళ్లొచ్చి చెప్తే చాలు," అన్నాను.

"ఎవరూ లేరక్కా."

"శనివారం?"

"లేరు."

"పోనీ ఆ వారంలో నీతో మాట్లాడినవాళ్లు?"

వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "నువ్వే," అన్నాడు. "సోమవారం."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. జైలు తప్పించుకోవడానికి మనుషుల్ని దూరం పెట్టాడు. ఇప్పుడు జైలు తప్పించడానికి ఒక్క మనిషి లేడు. సగం అన్న మాట కలిపింది నేనే.

ఆదివారం పొద్దున అతని షెడ్డుకు వెళ్లాను. సాయం చేద్దామని వెళ్లానంటే సగమే నిజం, దాచిన సీసా ఉందేమో చూద్దామని కూడా వెళ్లాను. తడి పాలిష్ మీద దుమ్ము పడుతుందని కిటికీ మూసే ఉంచాడు. బల్ల మీద ఒకే గ్లాసు, ఒకే పళ్లెం. గోడకు మూడు ఖాళీ స్టూళ్లు బోర్లించి ఉన్నాయి. బీరువా తలుపు అడ్డంగా పడుకోబెట్టి పని చేస్తున్నాడు. నన్ను చూసి ఎంత కంగారుపడ్డాడంటే, ఎక్కడ కూర్చోబెట్టాలో తోచక ఒక స్టూలు నాలుగుసార్లు తుడిచాడు.

"నీ పని నువ్వు చేసుకో. ఊరికే వచ్చాను," అన్నాను.

చేసుకోలేదు, మాట్లాడాడు. టేకు గురించి, లక్క గురించి, ఏడు పూతలు ఎందుకు వేయాలో, పోస్టుమాన్ ఇంటి ముందు రెండుసార్లు నిలబడి తలుపు తట్టకుండా ఎందుకు వచ్చేశాడో. గంటసేపు ఆగకుండా మాట్లాడి, తర్వాత పనిలో పడి నన్ను మరిచిపోయాడు. అప్పుడు చూశాను.

గుడ్డ ఉండను స్పిరిట్ పాలిష్‌లో ముంచాడు, పిండాడు, కింది పెదవికి ఆనించాడు. తలుపు మీద రుద్దాడు. మళ్లీ ముంచాడు, పిండాడు, పెదవికి ఆనించి నాలుకతో తుడుచుకున్నాడు. పావుగంటలో తొమ్మిదిసార్లు లెక్కపెట్టాను.

"ఏం చేస్తున్నావయ్యా నువ్వు?"

"రెండో పూత."

"ఆ గుడ్డ మూతికి ఎందుకు పెడుతున్నావు?"

"నేనా? పెట్టలేదే," అన్నాడు. చేతిలో గుడ్డ అప్పటికే గడ్డం దగ్గరుంది. దాన్ని చూసుకుని బల్ల మీద పడేశాడు.

తర్వాత చెప్పాడు. పని నేర్పిన గురువు అలవాటట. తడి ఎక్కువైతే చెక్కకు మచ్చ పడుతుంది, తక్కువైతే గీత పడుతుంది. ఈ పనిలో వేళ్లు మొద్దుబారతాయి, తడి పెదవికే తెలుస్తుంది. పదిహేనో ఏట నేర్చుకున్నది, రెప్పవేసినట్టు అయిపోయింది. భార్య ఉన్నప్పుడు, "విషమది, మూతికి పెట్టకు," అని చెయ్యి లాగేసేదట. మామూలుగా సోమవారాలు పని పెట్టుకోడు. ఆ సోమవారం మాత్రం పొద్దున ఎవరికో తలుపు ఇవ్వాల్సి ఉండి, చివరి పూత వేసి, గుడ్డ కింద పడేసి, సందు దాటి తొమ్మిదింటికి ఆఫీసుకు పరిగెత్తాడు.

"పక్కన ఎవరైనా ఉంటే చెప్పేవాళ్లక్కా," అన్నాడు.

విచారణరోజు ఈ సంగతంతా టైపు కొట్టి తీసుకెళ్లాను. మేజిస్ట్రేటుగారు పెద్దాయన, తొందరపడే మనిషి కాదు. ఆసాంతం చదివి, "కథ బాగుంది. ఎలా నమ్మడం?" అన్నారు.

"అయ్యా, ఒక గుడ్డ, గ్లాసుడు నీళ్లు ఇప్పించండి. ఆ బోను చెక్క కమ్మీ తుడవమనండి. ఇంకేమీ చెప్పకండి," అన్నాను. గుమస్తా నవ్వాడు. మేజిస్ట్రేటుగారు నవ్వలేదు, ఇప్పించారు.

అందరూ తననే చూస్తుంటే మేస్త్రి రెండు నిమిషాలు ఊరికే తుడిచాడు, చెయ్యి ఎక్కడికీ పోలేదు. అంతలో కమ్మీ మీద ఎక్కడో పాత మచ్చ కనిపించింది కాబోలు, వంగి చూశాడు. గోరుతో గీకాడు. ఇక కోర్టు లేదు, మేము లేము. గుడ్డ ముంచాడు, పిండాడు, పెదవికి ఆనించి మచ్చ మీద రుద్దాడు. మళ్లీ ముంచాడు, మళ్లీ ఆనించాడు. ఆఫీసరమ్మ తల దించుకుని తన రిపోర్టు మీద ఏదో రాసుకుంది.

"చాలు," అన్నారు మేజిస్ట్రేటుగారు.

జైలు తప్పింది. ప్రొబేషన్ మిగతా ఐదు నెలలూ మామూలుగానే నడుస్తుందన్నారు. నోట్లో అంటిన స్పిరిట్ పోయేలా, ఊదబోయే ముందు అరగంట ఆఫీసులో కూర్చోబెట్టమన్నారు. చివరగా కళ్లద్దాలు తీసి అడిగారు: "ఇంత పాత అలవాటు ఒక్కడివే మానలేవు. పని చేసేటప్పుడు పక్కనుండి, చెయ్యి మూతి దాకా పోతే చెప్పే మనిషి ఎవరైనా ఉన్నారా నీకు?"

"ఉన్నారండీ," అన్నాడు మేస్త్రి. "మా ఆవిడ ఉంది."

"మంచిది," అని మేజిస్ట్రేటుగారు రాసుకున్నారు.

మెట్ల దగ్గర అతని చొక్కా పట్టుకుని ఆపాను. "బుద్ధుందా నీకు? ఇప్పుడే గండం గట్టెక్కావు, అప్పుడే కోర్టులో అబద్ధమా? పోయిన మనిషిని ఉందంటావా?"

"అబద్ధం చెప్పాలనుకోలేదక్కా. అంతమంది ముందు నాకెవరూ లేరని చెప్పడానికి నోరు రాలేదు."

అతని చొక్కా వదిలేశాను.

"లోపలికి పద. దిద్దించుకుని వద్దాం," అన్నాను.

"దిద్దించి ఎవరి పేరు చెప్పను?"

"నా పేరు చెప్పి ఏడువు," అన్నాను.

అతను అక్కడే మెట్టు మీద కూర్చుని నిజంగానే ఏడ్చాడు. జనం తప్పుకుని పోతున్నారు. నేను సంచీ పట్టుకుని అతని పక్కనే నిలబడ్డాను.