ఎర్రచీరలో పచ్చగీత

ఆ రోజుల్లో మా హిందూపురంలో భయాలకు ఒక వరస ఉండేది. తెల్లారితే కొళాయికి నీళ్ళు రావేమోనని భయం, మధ్యాహ్నం కరెంటు పోతుందేమోనని భయం, సాయంత్రం చుట్టాలు దిగుతారేమోనని భయం. మనిషి వీటన్నిటికీ అలవాటుపడి, ఒకదాని తర్వాత ఒకటి భయపడుతూ హాయిగా బతికేవాడు. కానీ ఈ వరసలో చేరని భయం ఒకటి నాకు జీవితంలో ఒక్కసారే కలిగింది. దాన్ని గురించి రాయాలని నాకు లేదు. రాయించినవాళ్ళు మా ఆడపిల్లల బడివాళ్ళే. మొన్న బడి చరిత్ర అంటూ ఒక పుస్తకం అచ్చువేసి, నన్నూ పిలిచి, శాలువా కప్పి ఒక ప్రతి చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి కళ్ళద్దాలు తుడుచుకొని చదివాను. ఆరో పేజీలో ఒకే ఒక్క వాక్యం: 'తదనంతరం పాఠశాలకు గుర్తింపు లభించినది.' లభించిందట! బస్టాండులో ఎవరో మరిచిపోయిన గొడుగు మాదిరి లభించిందట! (ఆ వాక్యం రాసినాయన రెండు ఎమ్మేలు చేశాడు. నేను చదువుకోవడానికి ఏ బడి గడపా తొక్కలేదు. తొక్కిన మొదటి గడప ఈ బడిదే, అదీ గంట కొట్టడానికి.)

అసలు బడి మొదలైంది చింతపండు గోదాములో. మా పెద్ద టీచరమ్మ సర్కారు ఉద్యోగం వదిలేసి, మార్కెట్టు వెనక ఖాళీగా పడివున్న గోదాము అద్దెకు తీసుకుంది. సున్నం ఎన్నిసార్లు కొట్టినా గోడల్లోంచి పులుపు వాసన పోలేదు. పిల్లలు ఎక్కాలు చెబుతూ మధ్యలో గుటకలు మింగేవాళ్ళు. ఐదో తరగతి కాగానే కూతుళ్ళను బడి మాన్పించే నాయనల ఇళ్ళకు ఆమె ఒక్కొక్క గడపా ఎక్కింది. నేతగాళ్ళు, మండీ సాయిబులు, గొర్రెలవాళ్ళు, ఎవరినీ వదల్లేదు. "గేటు లోపలికి మగపురుగును రానియ్యను. సాయంత్రం గంట కొట్టంగానే పాప మీ ఇంట్లో ఉంటాది" అని మాటిచ్చింది. ఆ మాటకు మినహాయింపు నేనొక్కణ్ణే. ఎందుకంటే గంట కొట్టడానికి, గేటు కాయడానికి, ఆంబోతులను తోలడానికి ఒక మగమనిషి కావాల్సి వచ్చింది. అప్పటికి నాకు నలభై నిండలేదు, ఇప్పటి నాతో పోలిస్తే పిల్లోణ్ణే, కానీ బట్టతల ముందే వచ్చేసింది. ఆ బట్టతల చూసి నాయనలందరూ ఒప్పుకున్నారు. లోకంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క సర్టిఫికెట్టు.

అంతకుముందు నేను అదే గోదాములో మూటలు మోసేవాణ్ణి. పొట్లాలు కట్టే పాత కాగితాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు. దాంతో నాలో ఒక పొగరు బలిసింది: ఒంటరిగా అక్షరాలు నేర్చినవాడు ఒంటరిగా ఏ విద్యయినా నేర్చేయగలడని. ఈ జరిగిందంతా ఆ పొగరు చేసిన అఘాయిత్యమే.

బడి పెరిగి పెరిగి ఏడో తరగతి దాకా వచ్చింది. మొదటి జట్టు పదకొండు మంది. ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉండేది. బడికి గుర్తింపు ఉంటేనే మా పిల్లలు మా బడి పేరుతో పరీక్ష రాయగలరు. గుర్తింపు కోసం పెద్ద టీచరమ్మ పెనుకొండ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగిందో ఆ బస్సు కండక్టరునే అడగాలి. చివరికి ఒక సోమవారం సాయంత్రం కబురొచ్చింది: రేపు ఆఫీసరు వచ్చి బడి చూస్తాడు. ఏడో తరగతిలో ఒక్క పిల్ల కూడా తగ్గకూడదు.

ఆ పదకొండు మందిలో ఒక పిల్లను అందరూ 'పోగు' అనేవాళ్ళు. దారప్పోగులా సన్నగా ఉండేది. నాయన పట్టుచీరలు నేసేవాడు. మా ఇంటి ఎదురిల్లే. ఆ పిల్ల వేళ్ళ సందుల్లో ఎప్పుడూ బూడిద ఉండేది, ఎంత కడిగినా పోదు. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువుపోగుల చుట్ట, అయిపోతే, కొత్త పడుగులోని వేలకొద్దీ పోగుల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే అతకాలి. జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకొని మెలివేస్తారు. సన్నటి వేళ్ళకే లొంగే పని. తల్లి కాన్పుకని అగళిలో పుట్టింటికి పోయింది. అవ్వకు చూపు లేదు. అతకడానికి ఇంట్లో మిగిలింది పోగు ఒక్కతే. సరిగ్గా ఆ సోమవారమే వాళ్ళ మగ్గం మీద పడుగు అయిపోయింది.

నేను పోయేసరికి పోగు నాయన మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు.

"అన్నా, రేపొక్క దినం పాపను బడికి పంపు. ఆఫీసరు వస్తాండాడు."

"ఎల్లుండి ధర్మవరం షావుకారు మనిషి వస్తాండాడు. మగ్గం ఖాళీగా కనపడితే నా పడుగు ఇంకొకరికి పోతాది. మీ ఆఫీసరొచ్చి అతుకుతాడా?"

"గుర్తింపు రాకుంటే పరీక్ష లేదన్నా."

"పరీక్ష లేకుంటే ఈ బడేల? ఈ ఏడాది పరీక్ష రాస్తే సరి, లేదంటే మగ్గమే దానికి బడి. నేను ముందే చెప్పినా." కోపంగా అనలేదు. అలసిపోయి అన్నాడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కోపమైతే దిగుతుంది.

తలుపు వెనక పోగు నిలబడి ఉంది. ఏడవడం లేదు. వేళ్ళు ఒకదానికొకటి రుద్దుకుంటోంది, అంతే. నా నోరు నాకంటే ముందు మాట్లాడింది.

"నేనొచ్చి అతుకుతా."

పోగు నాయన నా చేతుల వైపు చూశాడు. "ఆ యేళ్ళతోనా? అరటిపండ్లు మాదిరి ఉండాయి కదప్పా!"

"అక్షరాలు నేనే నేర్చుకోలేదా అన్నా?"

"కాగితం చినిగితే ఇంకో కాగితం. పట్టు తెగితే నేను చస్తా."

మూల నుంచి అవ్వ నవ్వింది. "పోనీలేరా, రానీ. మగోడు పడుగు అతికితే ఎట్లుంటాదో చెవులతోనన్నా చూస్తా."

మంగళవారం పొద్దున్నే పోయాను. పోగు జడకు రిబ్బను కట్టుకుంటూనే పాఠం చెప్పింది. "మామా, ఉమ్ము తగలనియ్యద్దు. బూడిద అద్దుకో. ఇదో, ఈ పచ్చపోగులు అంచు. ఇవి అయినంక ఎర్రవి. వరస తప్పకూడదు. మధ్యలో లేస్తే ఈ వెదురుబద్ద గుచ్చి లెయ్, యాడ నిలిపినావో తెలుస్తాది. బద్ద మర్చిపోవద్దు మామా." పన్నెండేళ్ళ పిల్ల మూడుసార్లు చెప్పింది. నేను చెయ్యి ఊపాను, గొప్ప పండితుడిలా. గంట కొట్టే పని ఆరోజుకు బడి ఊడ్చే ఆయమ్మకు అప్పగించాను.

మొదటి పది పోగులకు నా మెడకు చెమట పట్టింది. ఇరవైకి ఊపిరి ఆడలేదు. పట్టుపోగు కంటికి కనిపించదు, వేలికి తెలియదు, కానీ నా మొరటు చర్మానికి మాత్రం ముల్లులా తగులుకుంటుంది. పోగు నాయన కాసేపు తలమీద నిలబడి చూసి, ఇక చూడలేక బయటికి పోయాడు. అవ్వ మూలలోంచి, "ఏం నాయనా, ఊపిరి బిగబట్టినావే? తెగిందా?" అంటోంది. తెగలేదవ్వా అంటాను. కాసేపటికి మళ్ళీ, "ఇప్పుడు తెగిందా?" (ఆమె నా ఊపిరిని బట్టి పోగుల యోగక్షేమం చెప్పేసేది.) చెమట తుడుచుకున్న ప్రతిసారీ బూడిద మొహానికి, బట్టతలకు అంటింది. మెల్లగా అంచు పచ్చ చివరికొచ్చింది. ఇక ఎర్రలోకి దిగుతానన్న గర్వంతో ఊపిరి వదిలాను. సరిగ్గా అప్పుడు ఆయమ్మ వీధి మొదటినుంచే అరుచుకుంటూ వచ్చింది.

"ఓ గంటాయనా! ఆఫీసరొచ్చి గంటయింది! రిజిస్టర్లు అడుగుతాండాడు! పెట్టె తాళంచెవి యాడ పెట్టినావప్పా?"

నా గుండె జారి మగ్గం గుంటలో పడింది. ఎలుకలు కొట్టాయని పిల్లల రిజిస్టర్లన్నీ ఇనప్పెట్టెలో పెట్టించింది నేనే. తాళంచెవి ఎవరి దగ్గరుంటే భద్రమని పోట్లాడి తీసుకున్నదీ నేనే. అది అప్పుడు నా మొలతాడుకు ముడివేసి ఉంది.

లేచి పరిగెత్తాను. వెదురుబద్ద సంగతి బడి గేటు దాటాక గుర్తొచ్చింది, అప్పుడిక వెనక్కి తిరిగే ధైర్యం లేదు.

గోదాములో ఏడో తరగతి పిల్లలు బెంచీల్లో బిగుసుకొని కూర్చున్నారు. ఆఫీసరు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చేతిలో చిన్న పుస్తకం, దానిలో ఏదో రాసుకుంటున్నాడు. అరిచే అధికారికి నమస్కారం పెట్టి తప్పుకోవచ్చు. రాసుకునే అధికారి ముందు ఎక్కడ దాక్కోవాలి? పెద్ద టీచరమ్మ మొహంలో రక్తం లేదు. నేను గోడవైపు తిరిగి మొలతాడు ముడి విప్పబోయాను. బూడిద వేళ్ళు జారుతున్నాయి, ముడి ఎంత లాగితే అంత బిగుస్తోంది. వెనక పదకొండు మంది ఆడపిల్లలు, నలుగురు టీచరమ్మలు, ఒక ఆఫీసరు. మగపురుగు రాకూడని బడిలో, గోడకు మొహం పెట్టి, పంచె మడతల్లో చెయ్యిపెట్టి పెనుగులాడుతున్న నన్ను ఆ రోజు ఎవరైనా ఫోటో తీసి ఉంటే గుర్తింపు మాట దేవుడెరుగు, నాకు ఊళ్ళో నీళ్ళు కూడా పుట్టేవి కావు. చివరికి మొలతాడే తెంపేశాను.

తాళం తెరిచి రిజిస్టర్లు బల్లమీద పెట్టి తిరిగేసరికి ఆయన నన్నే చూస్తున్నాడు. బూడిద పూసుకున్న మొహం, చొక్కా గుండీకి వేలాడుతున్న పచ్చపట్టు పోగు.

"ఎవరు నువ్వు?"

"గంట, సార్."

"ఈ బూడిదేంటి?"

నిజం చెబితే, ఈ బడి పిల్లలు మగ్గాల మీద పని చేస్తున్నారని ఆ చిన్న పుస్తకంలో పడుతుంది. అబద్ధం చెబుదామంటే, అంత త్వరగా అబద్ధం ఆడటం నేను ఏ పొట్లంలోనూ చదవలేదు. ఆ క్షణంలో బడి మొత్తం, ఆ పదకొండు మందీ, పెద్ద టీచరమ్మ ఎక్కిన గడపలన్నీ నా నోట్లో ఉన్నట్టనిపించింది. గుండీకి చిక్కుకున్న ఆ పచ్చపోగును పీకబోయాను.

వెనక బెంచీలోంచి పోగు లేచింది.

"నా పని ఆయప్ప చేస్తాండాడు సార్. పడుగు అతికేది. నేను బడికి రావల్లని."

పెద్ద టీచరమ్మ కళ్ళు మూసుకుంది. ఆఫీసరు పోగు దగ్గరికి పోయి చేతులు చూపించమన్నాడు. చూపించింది. ఆ బూడిద గీతల్ని ఆయన చాలాసేపు చూశాడు.

"మరి ఈయన ఈడుంటే ఆడ ఎవరు చేస్తున్నారు?"

"ఎవురూ లేరు సార్. నిలిచిపోయింటాది." నా వైపు తిరిగింది. "మామా, బద్ద గుచ్చినావా?"

అంత భయంలోనూ నాకు సిగ్గేసింది. తల అడ్డంగా ఊపాను. ఆ పిల్ల నుదురు కొట్టుకుంది, అచ్చం వాళ్ళ నాయన మాదిరి.

ఆయన పోగుతో పాఠం చదివించాడు. తడబడకుండా చదివింది. తర్వాత ఆ చిన్న పుస్తకంలో చాలాసేపు రాశాడు, ఏం రాస్తున్నాడో మెడ సాచినా కనపడలేదు. చివరికి నన్ను అడిగాడు. "నువ్వు ఎంతవరకు చదివావు?"

"బడికి పోలేదు సార్. చింతపండు పొట్లాలు చదివినా."

"సరే, పో. ఆ పని ముగించు."

అంతే. మెచ్చుకున్నాడా, వెళ్ళగొట్టాడా ఈ రోజుకీ నాకు తెలియదు. తిరిగి మగ్గం దగ్గరికి పోయి, ఎక్కడ నిలిపానో గుర్తురాక, ఇక్కడే అయి ఉంటుందిలే అని అందాజాగా అందుకున్నాను. సాయంత్రం పోగు వచ్చి మిగతాదంతా అతికింది. తెల్లారి కోడి కూసే వేళకు పడుగు పూర్తయింది.

ఆ తర్వాత నెలకు పైగా నేను పోస్టుమ్యాన్ సైకిల్ బెల్లు వింటే ఇంట్లోకి పోయి తలుపేసుకునేవాణ్ణి. గుర్తింపు రాకపోతే తప్పు నాది. తాళంచెవి నాది, బూడిద నాది. చివరికి కాగితం తెచ్చుకొమ్మని పెనుకొండ నుంచి కబురొస్తే పెద్ద టీచరమ్మకు జ్వరం, నన్ను పంపింది. కవరు చేతికిచ్చారు. విప్పడానికి ధైర్యం లేక, కొండను చూస్తూ బస్టాండులో రెండు బస్సులు వదిలేశాను. మూడో బస్సులో చించి, కూడబలుక్కొని చదివాను. నా జీవితంలో నేను చదివిన అన్ని కాగితాల్లోకీ మంచిది అదే. బస్సులో పక్కన కూర్చున్న ముసలాయన, "ఏమప్పా, ఎవురన్నా పోయినారా?" అని అడిగాడు. అంతగా ఏడుస్తున్నానట.

పోగు పరీక్ష రాసింది. పాసైంది. కానీ ఆ పడుగు మీద జానెడు నేసేసరికి అసలు సంగతి బయటపడింది. నేను అందాజాగా అందుకున్న చోట వరస తప్పింది. అంచులో ఉండాల్సిన పచ్చపోగులు కొన్ని ఎర్రలోకి చొరబడి, పొడుగునా ఒక గీతగా సాగాయి. ఆ పడుగులో మూడు చీరలు. రెండింటిని ధర్మవరం షావుకారు మొహం చిట్లించి తీసుకున్నాడు, మూడోదాన్ని వెనక్కి విసిరేశాడు. పోగు నాయన ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు. అవ్వ మాత్రం నేను వీధిలో పోతుంటే, "ఎవురది, పచ్చగీతాయనా?" అని పలకరించేది.

మొన్న ఆ శాలువా సభకు పోగు కూడా వచ్చింది. ఇప్పుడు సన్నగా లేదు (ఈ మాట అన్నందుకు కొడుతుంది). పుట్టపర్తిలో ఆసుపత్రిలో నర్సు. ఎర్రపట్టుచీర కట్టుకొని, నా పక్కన కుర్చీలో కూర్చొని, అంచు తిప్పి చూపించింది. "ఇదో మామా, నువ్వు బద్ద గుచ్చనిది ఈడ."

కళ్ళద్దాలు సర్దుకొని చూశాను. అంచు పక్కన, ఎర్రలో, సన్నటి పచ్చగీత, ఈ కొస నుంచి ఆ కొస దాకా. వేదిక మీద రెండు ఎమ్మేలాయన బడి చరిత్ర చదువుతున్నాడు. వినాలనిపించలేదు. ఏ విద్యయినా ఒక పూటలో నేర్చేయగలనని చెయ్యి ఊపిన ఆ బట్టతల పిల్లోడి మీద మొదటిసారి నాకు కోపం రాలేదు. చేత్తో ఆ గీతను తడిమాను. నా వేలికి ఇంకా పట్టు తగులుకుంటూనే ఉంది.