రాయికెక్కిన నా తెలుగు

పట్టపగలు, నడిబజారులో, సన్నాయి మేళం సాక్షిగా ఒక ఊరి పరువూ, ఒక ఇంటి పరువూ, నా పరువూ ఒకే దెబ్బకి తీసేశాను. కత్తితో కాదు, కర్రతో కాదు, ఒకే ఒక్క అక్షరంతో. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ రోజు నవ్వనివాళ్ళు ఊళ్ళో నలుగురే, అందులో నేనొకణ్ణి.

ఊరి పేరు మాత్రం అడక్కండి. గోదావరి గట్టునే ఉంది, రావులపాలెంలో బస్సెక్కితే గంటలో దిగుతారు. అంతకుమించి చెబితే మావాళ్ళు నన్ను మళ్ళీ బస్సెక్కిస్తారు.

అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. ప్రైవేటు హైస్కూల్లో తెలుగు మాష్టారిని. నాకో జబ్బుండేది. కనబడ్డ బోర్డునల్లా దిద్దేవాణ్ణి. ‘టిపిన్ రెడీ’ అని రాసిన హోటలాయనకి ఇడ్లీ చల్లారేదాకా ఫకారం గురించి పాఠం చెప్పాను. తరవాత నేను వీధి మలుపు తిరుగుతుంటే చాలు, ఆయన బోర్డు మీద తువ్వాలు కప్పేసేవాడు. అది నా పాండిత్యానికి జడిసే అనుకుని మురిసిపోయేవాణ్ణి.

ఇక అసలు సంగతి. మా మెయిన్ బజారు ఒకప్పుడు కిటకిటలాడేదిట. బైపాస్ పడి, దాని పక్కన పెద్ద పెద్ద షోరూములు లేచాక ఇటువైపు వచ్చే నాథుడు లేడు. సగం షట్టర్లు తుప్పుపట్టాయి. అప్పుడు మునిసిపాలిటీ నడుం కట్టింది. నాలుగు రోడ్లు కలిసేచోట పేవ్‌మెంట్లు, దీపాలు, బెంచీలు, మధ్యలో ఫౌంటెన్. అందుకోసం మురుగు కాలవ మీద వెలిసిన ఏడు కొట్లు తీసెయ్యాలి. వాళ్ళకి కొత్త వరసలో కొట్లు కట్టిస్తామన్నారు. అయితే లిస్టులో ఆరు పేర్లే ఉన్నాయి.

ఏడో కొట్టు శిరీషది. చిన్న బ్యూటీపార్లర్. ఆ అమ్మాయి స్వయానా చైర్‌పర్సన్ రాజ్యలక్ష్మిగారి కోడలు. “మా ఇంటి మనిషికిస్తే జనం ఏమనుకుంటారు?” అని ఆవిడే పేరు కొట్టేయించారు. కోడలు కొట్టు పెట్టడం అత్తగారికి మొదట్నుంచీ గిట్టలేదని, ఇదే సందని ఊరు అనుకుంది. ఏదేమైనా పాపం ఆ పిల్ల ఆరేళ్ళ కష్టం గంగలో కలవబోతోంది.

మునిసిపల్ ఇంజనీరు ప్రసాదు నా చిన్ననాటి స్నేహితుడు. ఒక సాయంత్రం కాగితం పట్టుకొచ్చాడు.

“ఒరేయ్, శిలాఫలకం మీద చెక్కించాల్సిన మేటరు. నేను ఇంగ్లీషు మీడియంగాణ్ణి కదా, ఓసారి చూసిపెట్టు.”

చూశాను. ‘పురపాలక నిధులతో జంక్షన్ సుందరీకరణ పనులకు శంఖుస్థాపన.’ నాకు ఒళ్ళు మండిపోయింది.

“శంఖుస్థాపనేంట్రా? ఊదే శంఖాన్ని తీసుకెళ్ళి పాతిపెడతారా? శంకు! పునాదిలో పాతే మేకు! ఇంకా ఈ జంక్షనేంటి? మన భాషలో మాటే లేదా?”

“జంక్షనంటే అందరికీ తెలుస్తుంది కదరా.”

“తెలియనిది నేర్చుకుంటారు!” అని జంక్షన్ కొట్టేసి, పైన నా ముత్యాల దస్తూరీలో ‘కూడలి’ అని రాశాను. ఆ కకారం కొమ్ముని ఊరికే వదలకుండా, కాస్త వయ్యారంగా పైకి తిప్పాను. తిప్పకపోతే మీకు ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

“ఇంత చేశాను, కింద నా పేరు వేయించరా,” అన్నాను.

“రాయి మీద పేరు కోసం నాయకులే కొట్టుకు చస్తుంటే మధ్యలో నువ్వెక్కడ తయారయ్యావురా!”

“చిన్నక్షరాల్లోనేరా.”

వాడు తల పట్టుకుని వేయిస్తానన్నాడు. రెండ్రోజుల తరవాత రాళ్ళు చెక్కే సింహాచలం ఫోన్ చేశాడు. అటు రాయి కోసే మిషను గీపెడుతోంది.

“మాష్టారూ, రెండో వరసలో ఇదేదో రాశారండి… కోడలేనా అండీ?”

నాకు వినబడింది ‘కూడలేనా’ అని.

“అదే! అనుమానమెందుకయ్యా?”

“సుందరీకరణంటే, అందంగా తయారుచెయ్యడమే కదండీ?”

“అవును.”

“మునిసిపాలిటీ డబ్బుల్తోనా అండీ?”

“మరి నీ డబ్బుల్తోనా?”

“ఆయ్. పెద్దోళ్ళ సంగతులు మనకెందుకులెండి,” అని పెట్టేశాడు.

చెక్కడం అయ్యాక ఫొటో పంపాడు. నేను రెండే చూశాను. శంకులో వత్తు పోయిందా లేదా, నా పేరు సరిగ్గా పడిందా లేదా. రెండూ భేషుగ్గా ఉన్నాయి. “పర్ఫెక్ట్” అని మెసేజ్ పెట్టాను, అదీ తెలుగు లిపిలోనే.

ముహూర్తం రోజు ఇస్త్రీ పంచె కట్టుకుని ముందు వరసలో నిలబడ్డాను. రాజ్యలక్ష్మిగారు తాడు లాగారు, తెర జారింది. చప్పట్లు మొదలయ్యాయి, ఎవరో పీక నొక్కినట్టు ఠక్కున ఆగిపోయాయి. మైకు పట్టుకున్న గుమాస్తా మాత్రం తన ధోరణిలో చదువుకుపోయాడు.

“పురపాలక నిధులతో… కోడలి సుందరీకరణ పనులకు…”

అక్కడ అతను ఆగాడు. సన్నాయి ఆగింది. నా గుండె కూడా ఓ రెండు సార్లు ఆగే ఉంటుంది. రాయి వంక చూశాను. అయ్య బాబోయ్! అంత రాయి మీద, బంగారు రంగులో, నిగనిగలాడుతూ, కోడలి.

“ఏ కోడలికంట?” అంది కూరల మార్కెట్ నరసమ్మ.

“అడుగుతావేంటి పిన్నీ, కిందే అత్తగారి పేరుంది కదా!” అన్నాడొకడు.

జనమంతా ఒక్కసారి పార్లర్ వైపు తిరిగారు. గుమ్మంలో శిరీష, చేతిలో దువ్వెనతో, నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఈలోగా ఒక విలేకరి దూసుకొచ్చాడు.

“మేడమ్, మీ కోడలి పార్లర్‌కి మునిసిపల్ నిధులా అండీ?”

రాజ్యలక్ష్మిగారి చేతిలో కొబ్బరికాయ కిందపడి తనంతట తనే పగిలింది. “ఇది రాసిందెవరు?” అన్నారు. ప్రసాదు నా వంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను. గుమాస్తా, వాడి నోరు పడిపోను, మిగతాది కూడా చదివేశాడు.

“భాషా పరిష్కర్త, తెలుగు పండితులు, శ్రీ వెంకటరత్నం గారు.”

“గారు కూడా పెట్టించుకున్నాడండోయ్!” అని వెనకనుంచి ఒక ఎటకారం.

బజారంతా గొల్లుమంది. ఆవిడ మొహం మాత్రం గట్టిపడింది. “ఈ మచ్చ నాకొద్దు. ప్రసాదూ, ఆ పార్లర్ ఇప్పుడే, ఈ క్షణమే తీయించెయ్! అప్పుడుగానీ జనం నమ్మరు.”

నేను కొమ్ము వయ్యారంగా తిప్పినందుకు ఆ పిల్ల కొట్టు నిలువునా పోతోంది! గబగబా వేదికెక్కాను.

“అమ్మా, తప్పు నాదండీ. అది కూడలి… కకు కొమ్ము…”

“మీరు నోరు ముయ్యండి!”

మూశాను. ఇంతలో శిరీష దువ్వెనతోనే జనాన్ని తప్పించుకుంటూ వచ్చి మైకు అందుకుంది.

“మా అత్తయ్యగారు నాకు పైసా ఇవ్వలేదండీ. ఆవిడ అలాంటి మనిషి కాదు. మిగతా ఆరుగురికీ కొత్త కొట్లు కట్టిస్తున్నారు. నా పేరు రాయి మీదికెక్కింది గానీ, లిస్టులోకి ఎక్కలేదండీ.”

విలేకరి రాయడం ఆపేశాడు.

“అదేం న్యాయమమ్మా?” నరసమ్మ నడుం మీద చెయ్యేసుకుంది. “కాలవ మీదోళ్ళందరికీ ఇచ్చి, కోడలైనందుకు దీనికి ఎగ్గొడతారా?”

“ఇవ్వాల్సిందే!” అని ఆరు కొట్లవాళ్ళూ అరిచారు.

రాజ్యలక్ష్మిగారు చాలాసేపు కోడలి మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. కొంగుతో చెమట తుడుచుకున్నారు. చెమటో కాదో నాకు తెలీదు.

“ఏడో పేరు రాసుకో ప్రసాదూ. అందరితో పాటే, అందరి లాంటిదే.” తరవాత నా వైపు తిరిగారు. “మీరు మాత్రం దయచేసి ఏమీ రాయకండి.”

రాయలేదు. రాయి మార్చారు, కొత్తదాని మీద ‘కూడలి’ దివ్యంగా ఉంది, నా పేరు లేదు. బజారు మాత్రం నిజంగానే కళకళలాడుతోంది. సాయంత్రమైతే బెంచీలు ఖాళీ ఉండవు, ఏడో కొట్టు ముందు ఆడపిల్లలు క్యూ కడుతున్నారు.

మొన్న బస్సు దిగి ఆటో ఎక్కబోయాను.

“ఎక్కడికండీ? కోడలి సెంటరుకాండీ?”

పాత జబ్బు తన్నుకొచ్చింది. “కోడలి కాదు బాబూ, కూడలి.”

అతను నన్ను ఎగాదిగా చూసి జాలిగా అన్నాడు. “ఈ ఊరికి కొత్తాండీ?”

అక్కడికక్కడే, గోదావరి తల్లి మీద ఒట్టేసి ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఇంకెవరి అక్షరమూ దిద్దను, కొమ్ము మాట ఎత్తను, రాయి కనబడితే అవతలి వీధినుంచి పోతాను. తరవాత బుద్ధిగా ఆటో ఎక్కి కూర్చున్నాను.

“కోడలి సెంటరుకే పోనివ్వు నాయనా.”