వదినను పిలిచిన చప్పుడు

వీధి మలుపులో ఇస్త్రీ బండి నడిపే ఆవిడకు ఇరవై రెండేళ్ళుగా కాలనీ మనుషులంతా బట్టలను బట్టే తెలుసు. ఎవరి నడుము పెరిగింది, ఏ ఇంటినుంచి మగవాడి చొక్కాలు రావడం మానేశాయి, అన్నీ మూట విప్పగానే తెలిసిపోయేవి. అయినా ఒక్క మాట బయటికి పొక్కనిచ్చేది కాదు. బొగ్గుల ఇస్త్రీ పెట్టెను చెంప దగ్గరికి తెచ్చుకుని నూలుకు సరిపోయే వేడేదో, పట్టుకు సరిపోయే వేడేదో ఇట్టే చెప్పేసేది. ఇన్నేళ్ళలో ఒక్క చొక్కా కాల్చిన పాపాన పోలేదు.

ఆ కాలనీలో నెమళ్ళు కూడా అద్దె లేని కాపురం చేసేవి. ఒక మగది, మూడు ఆడవి. మధ్యాహ్నం ఆవిడ రేకు డబ్బా మూత మీద చెంచాతో టకటకా కొడితే చాలు, గోడలు దూకి, మేడలు దిగి, జొన్నగింజల కోసం బండి చుట్టూ చేరేవి. మగదాన్ని దొరగారూ అనేది. ఆడవాటిలో కాస్త కుంటుతూ నడిచేదాన్ని మాత్రం వదినా అని పిలిచి మేలమాడేది. అన్నలు లేని మనిషి, ఆ ముచ్చట పక్షితోనే తీర్చుకునేది.

ఈమధ్య వదిన తీరు మారింది. అందరికంటే ఆలస్యంగా పరుగున రావడం, నాలుగు గింజలు ఏరుకోవడం, వెనక్కి చూడకుండా పోవడం.

"ఏం వదినా, పొయ్యిమీద పాలు పెట్టొచ్చావా?" అని ఆవిడ రోజూ నవ్వేది.

ఇంతలో దొరగారికి అద్దాల్లా మెరిసే కొత్త కార్ల తలుపుల్లో ఇంకో దొర కనిపించసాగాడు. ఇక యుద్ధమే! ముక్కుతో పొడిచి, కాళ్ళతో గీరి, మూడు కార్ల రంగు ఊడగొట్టాడు. కాలనీ సెక్రటరీగారు పక్షులు పట్టేవాళ్ళను పిలిపించారు. వాళ్ళు రెండు రోజులు వలలు పట్టుకుని వీధులన్నీ తిరిగి, ఒక్క ఈక కూడా పట్టలేకపోయారు. చివరికి సెక్రటరీగారు బండి దగ్గరికి వచ్చారు.

"అమ్మా, నువ్వు డబ్బా కొడితే వస్తాయి కదా."

"చంపరు కదా సార్?"

"అయ్యో, కొండల అవతల అడవిలో వదులుతారు. మనకంటే హాయిగా ఉంటాయి."

ఆవిడ పెట్టెను పక్కన పెట్టింది. "అయితే నాలుగింటినీ కలిపే తీసుకెళ్ళాలి. ఒకదాన్ని ఒంటరిదాన్ని చేస్తే ఆ ఉసురు నాకు తగులుతుంది."

వ్యాను తెచ్చిన పక్షులు పట్టేవాళ్ళు సరేనన్నారు. ఆవిడ మూత కొట్టింది. మూడు వచ్చాయి, వల పడింది. వదిన రాలేదు. మళ్ళీ కొట్టింది. రాలేదు.

"పోనీలే అమ్మా, మూడు చాలు" అన్నాడు వ్యానువాడు.

"చాలదు! నా మాటంటే నా మాటే" అని ఆవిడ మూడోసారి చేయి నొప్పి పుట్టేలా కొట్టింది. ఖాళీ ఇంటి గోడ మీదనుంచి వదిన కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చింది. గింజ నోట పెట్టకముందే దొరికిపోయింది.

సాయంత్రం ఆవిడ భర్త సైకిలు మీద మూటలు ఇచ్చి తిరిగొచ్చాడు. మెడలోని తువ్వాలు తీసి ఒడిలా పట్టుకున్నాడు. అందులో ఐదు గుడ్లు.

"ఆ ఖాళీ ఇంటి పెరట్లో, గడ్డిలో ఉన్నాయే. ఇంకా కాస్త వెచ్చగానే ఉన్నాయి."

ఆవిడ సెక్రటరీగారి ఇంటికి పరుగెత్తింది. ఆయన ఫోను చేశారు. అడవిలో వ్యాను తలుపులు అప్పటికే తెరిచేశారట. ఏ పక్షి ఎటు ఎగిరిందో వాళ్ళకీ తెలియదట.

ఇక మిగిలింది ఆవిడ చేతిలోని వేడి ఒక్కటే. బుట్టలో పాత నూలు చీరలు పరిచి, పెట్టెతో కాచి, గుడ్లను పొదివింది. గంటకోసారి ఒక్కో గుడ్డు తీసి కనురెప్పకు ఆనించి చూసుకునేది. ఎక్కువైందా? తక్కువైందా? చొక్కాకైతే తెలుసు. గుడ్డుకు ఎంత వేడి కావాలో ఎవరిని అడగాలి?

తొమ్మిదో రోజు పొద్దున ఒక గుడ్డులోంచి టక్, టక్ అని వినిపించింది. ఆవిడ ఇస్త్రీ ఆపేసింది. బుట్ట పక్కనే చతికిలబడి డబ్బా మూత మీద గోటితో మెల్లగా జవాబు కొట్టింది. "రా నాయనా, రా. అమ్మ లేకపోతే అత్తను నేనున్నాగా."

"పెంకు పగలగొట్టనా?" అన్నాడు భర్త.

"వద్దు. వేళ కాకుండా తీస్తే చస్తుందేమో. ఆ వేళ తల్లికి తెలుస్తుంది, మనకేం తెలుసు?"

మధ్యాహ్నానికి చప్పుడు మందగించింది. పొద్దు వాలేసరికి ఆగిపోయింది. తక్కిన నాలుగూ మొదటినుంచీ మూగవే.

మర్నాడు సెక్రటరీగారు చొక్కాలు తెచ్చారు. "గడ్డిలో గుడ్లున్నాయని ఎవరికి తెలుస్తుందమ్మా?"

"నాకు తెలియాలి సార్. ఇరవై రోజులు పొయ్యిమీద పాలు పెట్టొచ్చావా అని అడిగినదాన్ని నేనే. అడిగి నవ్వుకున్నాను. ఎక్కడికి పోతోందో ఒక్కరోజు వెంట వెళ్ళి చూడలేదు."

ఆయన చొక్కాలు అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. ఆవిడ బొగ్గులు రాజేసి, పెట్టెను చెంప దగ్గరికి తెచ్చుకుంది. దించింది. మళ్ళీ ఎత్తింది. చివరికి భర్తవైపు చాపింది.

"నువ్వు చూడయ్యా. వేడి సరిపోయిందో లేదో నాకు తెలియడం లేదు."

ఏనాడూ ఇస్త్రీ పెట్టె ముట్టని మనిషి, దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయాడు.