రొయ్య బొమ్మ ఉన్న సిఫార్సు ఉత్తరం

మా రోజుల్లో మనిషిని చూసి పని ఇచ్చేవాళ్ళు కాదు, మనిషి చేతిలో ఉన్న ఉత్తరాన్ని చూసి ఇచ్చేవాళ్ళు. మా ఆయనకి కాలవ మీద లస్కరు పని (నీళ్ళు వదలడం, కట్టడం, గట్టుకి గండి పడకుండా కాపలా కాయడం) వచ్చింది పాస్టరు గారి ఉత్తరంతోనే. మా అబ్బాయికి హాస్టల్లో చోటు దొరికింది ప్రెసిడెంటు గారి ఉత్తరంతో. రేషను కార్డులో నా వయసు పదేళ్ళు ఎక్కువ పడితే, అది తగ్గించుకోవడానికి కూడా ఒక ఉత్తరమే పట్టుకెళ్ళాను. ఐదో తరగతితో బడి మానేసిన నాకు లోకం నేర్పిన పెద్ద పాఠం అదొక్కటే. ఆ పాఠం ఎంత బాగా వంటబట్టిందంటే, మూడేళ్ళ కిందట దాంతోనే నా మనవరాలి చదువు ఒక ఏడాది వెనక్కి నెట్టాను.

మనవరాలిని మేం పిచ్చుక అంటాం. తిండి అంతే, నోరు కూడా అంతే. భీమవరంలో బీయస్సీ పూర్తిచేసి, ఇక ఉద్యోగం చూసుకుంటుందిలే అని మేమంతా అనుకుంటూ ఉండగా, వాతావరణం మారిపోవడం గురించి పెద్ద చదువు చదువుతానని కూర్చుంది. "ఎండలు ముదిరాయని, వానలు అదను తప్పాయని చెప్పడానికి చదువెందుకే? అరుగు మీద కూర్చుంటే నేనే చెబుతాను" అన్నాను. "నువ్వు చెబితే ఎవరూ రాసుకోరు నానమ్మా" అంది. అదీ నిజమే.

ఒక సోమవారం పొద్దున్న ఫోను ముందు పెట్టుకుని, ఆ చదువుకి ఏమేం కావాలో నాకు చదివి వినిపించింది. డిగ్రీలో మంచి మార్కులుండాలట, ఉన్నాయి. లెక్కలు చదివి ఉండాలట, చదివింది. ఈ చదువు ఎందుకు కావాలో రెండు పేజీలు సొంతంగా రాయాలట, అది రాసేసి ఎవరికీ చూపించకుండా దాచుకుంది. ఇక మిగిలింది, పిల్ల గురించి తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ళు ఉత్తరాలు రాయాలట. ఒకటి కాలేజీ మేడం గారు పంపేశారు. రెండోది కెమిస్ట్రీ సారు గారు పంపాలి. ఆయన ఫోను ఎత్తడం లేదు. వాళ్ళమ్మాయి పెళ్ళి పనుల్లో ఉన్నారు. ఆఖరి తేదీ శనివారం.

"రేపు తణుకు వెళ్ళి సారుని ఇంటి దగ్గర కలుస్తాను నానమ్మా" అంది. నేను ఒప్పుకోలేదు. పెళ్ళివారింటికి వెళ్ళి, అక్షింతలు వేయాల్సిన చోట మన పని చెప్పుకుంటామా? పైగా రానూ పోనూ బస్సు చార్జీలు. "నువ్వు కదలకు. ఉత్తరమేగా? మీ సారుని మించిన మనిషి చేత నేను రాయించుకొస్తాను" అన్నాను. "అలా ఎవరు పడితే వాళ్ళు రాయకూడదు నానమ్మా, చదువు చెప్పినవాళ్ళే రాయాలి" అంది. "నోర్ముయ్" అన్నాను. మా ఇంట్లో ఆ మాటకి తిరుగు లేదు (అదే మా ఇంటికి పట్టిన శని అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను).

నా మనసులో ఉన్న పెద్దమనిషి రొయ్యల బాబు గారు. మా అరెకరానికి ఆనుకునే ఆయన చెరువులు. వాటిలోంచి ఊరిన ఉప్పునీటికి మా చేను మూడేళ్ళలో చవిటి పర్రయిపోయింది. ఆ తరవాత బావి పోయింది. పప్పులో ఉప్పు వేయకపోయినా సరిపోయేది. ("పోనీ వదినా, నీకు ఉప్పు ఖర్చు కలిసొచ్చింది" అని మా ఆడపడుచు వేళాకోళం. నిజం చెప్పొద్దూ, ఆ ముక్క నాకు అంతకుముందే తోచింది.) అప్పటి నుంచి ఎనిమిదేళ్ళు నేను ఆ చెరువు గట్టు వంక కన్నెత్తి చూడలేదు. తాగే నీళ్ళు రెండు వీధుల అవతల నుంచి బిందెతో మోసుకున్నానే గానీ, ఆయన్ని ఒక్క మాట అడగలేదు. అలాంటిదాన్ని, పిల్ల చదువు కోసం, ఆదివారం చర్చికి కట్టే తెల్ల చీర మంగళవారం కట్టాను. ఒట్టి చేతులతో వెళ్ళకూడదు కదా, ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టె కొన్నాను. (పైవరసలోవి రెండు తీసి ఇంట్లో దాచాను. పెట్టె నిండుగానే కనబడింది.)

ఆయన భీమవరంలో ఉన్నారని చెప్పి, పనివాళ్ళు రేపు రమ్మన్నారు. బుధవారం వెళితే చెరువులో రొయ్యలు పట్టిస్తున్నారని, ఎల్లుండి రమ్మన్నారు. నేను ఎల్లుండి దాకా ఆగలేదు. గురువారమే వెళ్ళి, మేత బస్తాల పక్కన బల్ల మీద కూర్చున్నాను. చివరికి వచ్చారు.

"ఏంటి మామ్మ గారూ, దారి తప్పారేంటి?" అన్నారు.

"చిన్న పనండి బాబు గారండి. మా పిల్ల పెద్ద చదువుకెళ్తందండి. తమరు ఒక ఉత్తరం రాసివ్వాలండి."

"ఆయ్, దానికేముందండి! ఏం చదువుతారేంటి?"

"వానలూ ఎండలూనండి."

"మంచిదే కదండి. వాన ఎప్పుడొస్తుందో ముందే చెబితే నాకూ పనికొస్తుంది. చెరువులో రొయ్య చచ్చి తేలిపోకుండా చూసుకుంటాను" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఎనిమిదేళ్ళ పట్టుదల ఆ నవ్వుతో దిగిపోయింది.

ఉత్తరం కంపెనీ కాగితం మీద రాశారు. పైన మీసాలు మెలేసిన రొయ్య బొమ్మ, కింద ఆకుపచ్చ సిరాతో సంతకం, దాని మీద ముద్ర. ఇంటికి తెచ్చి పిచ్చుక చేతిలో పెట్టి, చదవమన్నాను. చదివింది. "ఈమె నాకు చిన్నతనం నుండి తెలుసు. బుద్ధిమంతురాలు. వాతావరణ మార్పులో ఈమెకు మంచి పేరున్నది. ఈమెకు సీటు ఇచ్చినచో మీకు ఏ విధమైన ఇబ్బందీ కలగదని హామీ ఇస్తున్నాను." నాకు ఛాతీ పొంగింది. హామీ కూడా ఇచ్చాడు మహానుభావుడు!

పిల్ల నవ్వలేదు, ఏడవలేదు. లోపలికి వెళ్ళి తను దాచుకున్న రెండు పేజీలు తెచ్చి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి చదవడం మొదలుపెట్టింది. అంతా మా అరెకరం గురించే. ఒకవైపు సముద్రం, ఒకవైపు చెరువులు కలిసి దాన్ని ఎలా చంపాయో. బావి గురించి. ఆ తరవాత నా గురించి. "మా నానమ్మ ఎనిమిదేళ్ళుగా నీళ్ళు మోస్తోంది. ఆ చెరువుల వాళ్ళ గుమ్మం ఒక్కసారి కూడా తొక్కలేదు. ఆమెను చూసే నేను ఈ చదువు చదవాలనుకున్నాను."

నేను ఇంకా తెల్ల చీరలోనే ఉన్నాను. కాళ్ళకి చెరువు గట్టు బురద. "దాచిన పూతరేకులు రెండున్నాయి, తింటావా?" అన్నాను. అంతకంటే పనికిమాలిన మాట నా జన్మలో అనలేదు.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం తణుకు బస్సెక్కాం. చార్జీ గురించి నేను నోరెత్తలేదు. సారు గారి ఇంటికి మామిడి తోరణం వేలాడుతోంది, తలుపుకి తాళం వేలాడుతోంది. "నిన్న రాత్రే అందరూ మగపెళ్ళివారి ఊరెళ్ళారండి. నిన్న పగలొచ్చినా దొరికేవారే" అంది పక్కింటావిడ. ఆ రెండో మాట ఆవిడ అనకపోయినా బాగుండేది. శనివారం సాయంత్రం ఐదింటికి దరఖాస్తులు ఆపేశారు. సోమవారం సారు గారు తనే ఫోను చేశారు. "అయ్యో, ఒక్క మాట ఇంటికొచ్చి చెప్పుంటే నిమిషంలో పంపేవాణ్ణమ్మా" అన్నారట. పిల్ల ఫోను పెట్టేసి, "పర్లేదు నానమ్మా" అంది. అది తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆ ఏడాది అది ట్యూషన్లు చెప్పింది. మరుసటి ఏడు సీటు వచ్చింది. పోయినసారి సెలవులకి వచ్చినప్పుడు మా చేలో మట్టి సంచిలో, బావి నీళ్ళు సీసాలో పరీక్షకి పట్టుకెళ్ళింది. ఏం తేలినా దాచకుండా చెప్పమన్నాను. నెల తరవాత ఫోను చేసింది.

"చెప్పమన్నావుగా, చెబుతున్నాను. చేను ఇక వరికి రాదు నానమ్మా. చెరువులు తీసేసినా రాదు. కింద నుంచి సముద్రమే ఊరుతోంది."

"మరి ఇంత చదివి ఏం లాభమే?"

"ఎంత దూరం వస్తుందో తెలిసింది" అంది.

"ఎంత దూరం?"

"నువ్వు నీళ్ళు తెచ్చుకునే వీధి దాటి."

పిచ్చుక తల్లికి, అదే మా కోడలికి, ఆ సంగతి చెప్పలేదు. బిందె తీసుకుని వెళ్ళాను, నిండినంత సేపూ బోరు కుళాయి కింద చెయ్యి పెట్టి నోట పోసుకుని చూశాను. తియ్యగానే ఉన్నాయి, ఇంకా.

ఇప్పుడు ఆ గట్టు వైపు చూసినప్పుడల్లా ఒక ముసలామె కనబడుతుంది. తెల్ల చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో పూతరేకుల పెట్టె పొదువుకుని, "బాబు గారండి, చిన్న పనండి" అని లోలోపల వల్లె వేసుకుంటూ ఎంత ధీమాగా నడుస్తోందో! ఆమెని చూస్తే సిగ్గేస్తుంది, ఆ వెంటనే నవ్వొస్తుంది. అంత నమ్మకంగా నేను మళ్ళీ ఎక్కడికీ నడిచి వెళ్ళలేదు.